విరిగిన వైపు ఫొటో

సలోమి అడిగిన రెండు నెలల గడువులో ఇక మూడు రోజులే మిగిలాయి.

విజయవాడ ఆటోనగర్‌లో సుభానీ ఇంజినీరింగ్ వర్క్స్ అంటే రెండు మిషన్లున్న రేకుల షెడ్డు. ఒకటి ఇనుము తరిగే లేత్. రెండోది పళ్ల చక్రాలు కోసే మిషన్. ఏళ్ల తరబడి పనిచ్చిన రైస్‌మిల్లు యంత్రాల కంపెనీ తన కొనుగోళ్లన్నీ వేరే రాష్ట్రానికి మార్చుకుంది. అప్పటినుంచి రెండో మిషన్ మీద గోనెపట్టా కప్పి ఉంది. దాన్ని కొనేందుకు ఒక బ్రోకరు సిద్ధంగా ఉన్నాడు. సోమవారం లారీ పంపిస్తానని కబురు కూడా పెట్టాడు.

పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి ఏడేళ్ల కిందట ఆ షెడ్డులో అడుగుపెట్టింది సలోమి. చక్రం కొయ్యడం నేర్చుకున్నది ఆ మిషన్ మీదే. అది వెళ్లిపోతే చేతిలో విద్య ఉంటుంది, చేయడానికి చోటుండదు. అందుకే ఉస్తాద్ సుభానీని గడువు అడిగింది. ఈలోగా ఒక్క కొత్త కంపెనీ మన గుమ్మం తొక్కినా మిషన్ అమ్మకూడదంది. ఆయన సరేనన్నాడు. రాకపోతే అమ్మేస్తానని కూడా అన్నాడు. సుభానీ మాటంటే మాటే, అటైనా ఇటైనా.

కంపెనీలవాళ్లంతా ఉండేది లింక్డ్ఇన్‌లో కదా అని సలోమి అందులో చేరింది. పిన్నికూతురి కోటు వేసుకుని ఫొటో దిగింది. పేరు కింద ‘బిజినెస్ హెడ్’ అని రాసుకుంది. రోజూ పొద్దున్నే నలభైమంది రాతల కింద ఒకే వాక్యం అతికించేది. ప్రమోషన్ వచ్చినవాడికీ, కొత్త కొలువులో చేరినవాడికీ అదే. రెండు నెలలు తిరక్కుండానే తనతో కలిసినవాళ్లు అయిదువేలు దాటారు. ఆటోనగర్‌లో పెద్ద పెద్ద షెడ్లవాళ్లకే అంతమంది లేరు. ఆ సంగతి ఆమె వాకబు చేసి మరీ తెలుసుకుంది.

గురువారం ఉదయం టీ వేళకి ఫోను తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టింది.

‘‘అయిదువేల పన్నెండుమంది, ఉస్తాద్.’’

ఆయన చేతులు తుడుచుకుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఇందులో మన షెడ్డుకి వచ్చినవాళ్లు ఎందరని అడిగాడు. ఇంకా ఎవరూ రాలేదనీ, ముందు పేరు పాకాలనీ, తర్వాత వాళ్లే వస్తారనీ చెప్పింది. ఇంతమందికీ ఏం రాస్తావని అడిగాడు. ఆమె కొంచెం గర్వంగానే చదివి వినిపించింది.

‘‘అభినందనలు సార్. ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం. నాణ్యమైన ఇంజినీరింగ్ పనులకు సుభానీ ఇంజినీరింగ్ వర్క్స్‌ని సంప్రదించండి.’’

ఆయన ఇంకోసారి చదవమన్నాడు. బాగా నచ్చిందనుకుని ఇంకోసారి చదివింది.

అప్పుడే నాంచారయ్య వచ్చాడు. కానూరు సెంటర్లో చెరకురసం బండి ఆయనది. ఎప్పుడూ భుజం మీదుండే తువ్వాలు ఇప్పుడు చేతిలో మూటగా ఉంది, మూటలో ఏదో బరువుంది.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. వచ్చినవాణ్ణి ఏం కావాలని అడగరు. విరిగింది చూపించమంటారు. ఉస్తాద్ దాన్ని చేతిలోకి తీసుకుని, విరిగినచోట బొటనవేలు ఆనించి కాసేపు ఊరుకుంటాడు. సలోమికి ఆయన నేర్పిన మొదటి పని కూడా అదే. మిషన్ ముట్టుకోనివ్వడానికి ముందు మూడు నెలలపాటు విరిగిన ముక్కలే చేతికిచ్చాడు.

ఆ రోజు ఉస్తాద్ మూట వంక చూడలేదు. లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

‘‘అభినందనలు సార్’’ అన్నాడు. ‘‘ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం. నాణ్యమైన ఇంజినీరింగ్ పనులకు మమ్మల్ని సంప్రదించండి.’’

నాంచారయ్య వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

‘‘అభినందనలెందుకు సాయిబుగారూ. నా బండి ఆగిపోయింది.’’

‘‘అభినందనలు సార్. ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం.’’

‘‘తెలుసులేవయ్యా, ఆ ముప్పై ఎనిమిదేళ్లలో ఇరవయ్యేళ్లు నేనే వచ్చాను.’’ ఆయన సలోమి వైపు తిరిగాడు. ‘‘ఏం పాపా, మీ ఉస్తాద్‌కి ఒంట్లో కులాసాయేనా?’’

సలోమి ముఖం కందిపోయింది. గబగబా ముందుకొచ్చి మూట అందుకుంది. విప్పితే రోలరు తిప్పే చక్రం. రెండు పళ్లు లేవు. విరిగినచోట బొటనవేలు ఆనించింది. అంతా గరుకుగానే ఉంది, అంటే ఒక్క దెబ్బకే విరిగింది. చెరకుతో పాటు ఏదో గట్టిది పడిందా అని అడిగింది. తన మనవడు స్పానరు వదిలేశాడని నాంచారయ్య ఒప్పుకున్నాడు.

ఉస్తాద్ కూర్చుని తన టీలో సగం ఆయనకి పోశాడు. ఆ తర్వాత సలోమితో, మామూలు గొంతుతోనే అన్నాడు.

‘‘నీ ఫోన్లో ఎవరూ బండి ఆగిపోయిందనలేదా, అమ్మాయ్?’’

ఆమె నాంచారయ్య తెచ్చిన చక్రాన్ని బల్ల మీద పెట్టి, పక్కనే స్టూలు మీద కూర్చుని ఫోను తీసింది. తను ఏం రాసిందో చూడలేదు. ఎవరి కింద రాసిందో, వాళ్లేమన్నారో మొదటిసారి చదివింది.

గంట పట్టింది. పదకొండు రోజుల కిందటి రాత అది. ఏలూరు దగ్గర ఒక పాల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీరు, వేణుమాధవ్ అనే ఆయన రాశాడు. పాకెట్లు నింపే మిషన్లో పళ్ల చక్రం విరిగింది. కొత్తది విదేశం నుంచి రావాలి. ఆరు వారాలట. రోజూ పాలు పక్క ఊరికి పంపి నింపించుకుంటున్నాం, ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి అని ముగించాడు.

దాని కింద మొదటి మాట సలోమిదే. అభినందనలు సార్.

ఆ మాట కింద ఇంకెవరో అడిగారు. మిషన్ విరిగినందుకా మేడమ్ అని. ఇరవై ఆరుమంది నవ్వారు.

ఏలూరు ఎంత దూరం. బస్సెక్కితే గంటన్నర.

తన మాట తుడిచేయబోయి ఆగింది సలోమి. దాన్ని అలాగే ఉంచి కింద రాసింది. ‘‘చదవకుండా రాశాను సార్, తప్పయింది. విరిగిన పన్ను పారేయకండి. ఉంటే విరిగిన వైపు ఫొటో పెట్టండి.’’ షెడ్డు పేరు రాయలేదు. అనుభవం ఎన్నేళ్లో రాయలేదు.

నాంచారయ్య రెండో టీ ముగించేలోగా ఫొటో వచ్చింది.

ఉస్తాద్ అలవాటుగా ఫోను అద్దం మీద బొటనవేలు ఆనించాడు. ఫొటో పక్కకి జారిపోయింది. ఆయన విసుక్కుని, నువ్వే చూసి చెప్పమన్నాడు.

సలోమి దాన్ని పెద్దది చేసి చూసింది. ‘‘సగం మేర నున్నగా నల్లబడింది. మిగతా సగం గరుగ్గా మెరుస్తోంది. ఒక్కసారిగా విరిగింది కాదు ఉస్తాద్. చాన్నాళ్లుగా లోపల పగులుతూ వచ్చింది.’’

‘‘పక్క పన్ను?’’

‘‘దానికీ పగులుండాలి.’’

‘‘మరి నాకు చెబుతావేం?’’

ఆమె ఇంజినీరుకి రాసింది. పక్క పంటి మొదట్లో కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్ద పూసి చూడండి, వెంట్రుకలా గీత కనిపిస్తుంది అని.

శనివారం పదకొండింటికి షెడ్డు ముందు కారాగింది. దిగిన వేణుమాధవ్ చేతిలో స్టీలు టిఫిను డబ్బా ఉంది. డబ్బాలో పేపరు చుట్టిన చక్రం, చిన్న పొట్లంలో విరిగిన పన్ను. సుద్ద పూసిన పంటి మొదట్లో నల్లటి సన్నగీత. ఆయన లోపలికొచ్చి అటూ ఇటూ చూశాడు. తలకి తువ్వాలు కట్టుకుని నూనె చేతులతో ఉన్న అమ్మాయిని, ఇక్కడ బిజినెస్ హెడ్ ఎవరని అడిగాడు.

ఉస్తాద్ లేత్ మీద నుంచి తలెత్తలేదు.

‘‘ఏదీ సార్, విరిగింది చూపించండి’’ అని సలోమి చెయ్యి చాచింది. పొట్లం విప్పి బొటనవేలు ఆనించి కాసేపు ఊరుకుంది. తర్వాత ఆమె వెళ్లి మిషన్ మీది గోనెపట్టా లాగేసింది.

సోమవారం పొద్దున బ్రోకరు లారీతో, నలుగురు మనుషులతో వచ్చాడు. అప్పటికి కొత్త చక్రానికి సగం పళ్లు కొయ్యడం అయింది. నూనె సన్నని ధారగా పడుతోంది, దాని కింద ఇనపరజను నల్లగా పేరుకుంటోంది. సలోమి కళ్లు చక్రం మీదనుంచి కదల్లేదు. మిషన్ చప్పుడులో బ్రోకరు ఏదో అడిగాడు. వినపడక ఇంకోసారి, గట్టిగా అడిగాడు.

ఉస్తాద్ గుమ్మందాకా వెళ్లి, చేతులు అడ్డంపెట్టి నిలబడ్డాడు. ఆయన ముఖంలో అలాంటి వెలుగు ఆటోనగర్‌లో ఎవరూ చూసి ఉండరు.

‘‘మెల్లగా మాట్లాడవయ్యా. లోపల పని జరుగుతోంది.’’