ఎద్దు గొంతు దిగని ముద్ద

ఒకప్పుడు ఎద్దులకు నెమరు తెలియదు. మేత నోట పడితే ఒక్కటే గుటక. ఆపైన నిశ్చింతగా కునుకు తీసేవి.

ఆ కాలంలో రైతులకు ఒక కట్టుబాటు ఉండేది. తొలకరి పడగానే ఎద్దు నోటికి ఉలవల ముద్ద అందించి, "ఈ ఏడు కాడి మోస్తావా?" అని అడగాలి. ముద్ద మింగితే ఒప్పుకున్నట్టు. మింగని ఎద్దు అంతవరకూ పుట్టలేదు.

అప్పలసూరి అనే రైతు ఎద్దు బూరన్న. ఆ ఏడు తొలి చినుకు పడింది మొదలు బూరన్నకు కాలు నిలవలేదు. గట్టు మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.

"నీకేం తక్కువ బావా?" అంది పక్కన మేస్తున్న గేదె. "అప్పలసూరి తవుడు పెడతాడు. మెడ మీది పుండుకు ఆముదం రాస్తాడు. పొడిచే ములుకర్ర ముట్టడు."

"ఆ పుండు ఎలా వచ్చిందత్తా?" అంది కంచె అవతలి జింక. "మెడ బూరన్నది. కాడి పెట్టడానికి అతనెవరు?"

"నిన్న నిన్ను తోడేలు కరిచిందిగా. నీ అడవి ఆముదం రాసిందా?"

జింక కరిచిన చోటు నాక్కుంది. బూరన్నకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అందుకే అడుగులు ఇంకా పెరిగాయి.

అంతలో అప్పలసూరి వచ్చాడు. "బూరన్నా, ఈ ఏడు కాడి మోస్తావా?" అని ముద్ద అందించాడు. ఆకలి మీదున్న బూరన్న గుటుక్కున మింగేశాడు.

"మింగావు. ఇక పద," అని రైతు కాడి ఎత్తాడు.

"ఆకలికి మింగానయ్యా. ఒప్పుకుని కాదు," అన్నాడు బూరన్న. మెడ సాచి, మింగిన ముద్దను మళ్లీ నోటికి తెచ్చుకుని నమలసాగాడు.

రైతు నిర్ఘాంతపోయాడు. "నేల పదును ఆరిపోతోందిరా. విత్తనం పడకపోతే నా పిల్లలకు మెతుకుండదు, నీకు గడ్డి ఉండదు."

"నిజమే. నువ్వు మంచివాడివి, అదీ నిజమే. నా మెడ నాది, అదీ నిజమే. ఇవన్నీ ఒక్క గుటకలో దిగడం లేదు."

 అప్పలసూరి కాడి కింద పెట్టాడు.

"సగం పొద్దు దున్నుదాం. మిగతా సగం కాడి దించుతాను, కూర్చుని నములు. ఔనో కాదో తేలినప్పుడు చెప్పు."

బూరన్న పొలంలోకి నడిచాడు. జింకా, గేదే ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తామన్న మాటలు వాటికీ గొంతులో అడ్డం పడ్డాయి.

అప్పటినుంచే ఎద్దూ, గేదే, జింకా మింగిన మేతను మళ్లీ నోటికి తెచ్చుకుని నెమరువేస్తున్నాయి. కాడి దించగానే ఎద్దు దవడ కదలడం మొదలవుతుంది. అది ఇంకా ఔననలేదు.