పిడికెడు తవుడు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో బిడ్డ పుడితే మేనత్త చేటలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఈ బిడ్డను ఎవరు కొనుక్కుంటారు?" అని మూడుసార్లు అడగాలి. మొదటి రెండుసార్లూ అమ్మలక్కలు "నాకియ్యి, నాకియ్యి" అని సరదాకి ఎగబడాలి. మూడోసారికి తల్లి పిడికెడు తవుడిచ్చి కొనుక్కోవాలి. ఊఁ కొట్టు మరి!

ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ. నోరు కాస్త పెద్దది, మనసు చెడ్డది కాదులే. ఆమె వదిన నూకాలుకి ఆడపిల్ల పుట్టింది. బంగారుబొమ్మే, కానీ రెండు కాళ్ళూ మెలితిరిగి ఉన్నాయి.

పైడమ్మ చేట పట్టుకుని ఒకసారి అడిగింది. అమ్మలక్కలు తలలు దించుకున్నారు. రెండోసారి అడిగింది. ఒక్కరూ "నాకియ్యి" అనలేదు.

అప్పుడు పైడమ్మ మంచం మీదికి వంగి, "వద్దులే వదినా, పాలు పట్టకు. దేవుడే తీసుకుపోతాడు. నడవలేని బతుకు ఎందుకు?" అంది.

నూకాలు పచ్చి బాలింత. అయినా గోడ పట్టుకుని లేచింది.

"మూడోసారి అడుగు, పైడమ్మా! నా పిల్ల నడవకపోతే ఎత్తుకోవడానికి నాకు చేతుల్లేవా?"

పైడమ్మ అడిగింది. నూకాలు పిడికెడు తవుడు పోసింది. అందరు పిల్లలకీ ఎంతో, తన పిల్లకీ అంతే. ఆ తర్వాత బిడ్డను గుండెకి హత్తుకుని పాలిచ్చింది. తవిటమ్మ అని పేరు పెట్టుకుంది.

తవిటమ్మ నడవలేదురా, చివరిదాకా నడవలేదు. చాప మీద కూర్చునే నవ్వేది, అలిగేది, బెల్లం ముక్క కోసం పేచీ పెట్టేది, అచ్చం నీలాగే. నూకాలు రోజూ దీపం పెట్టి, "నా పిల్లని నాకిచ్చావు, చాలు తల్లీ" అని దణ్ణం పెట్టుకునేది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. నూకాలు పోయింది. పైడమ్మ ముసలిదైపోయింది, పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయాయి. పిల్లల్లేరు పాపం. మంచం మీద మోసుకొచ్చి ఆ పుట్టింటి గుమ్మంలోనే దించారు. ఇక్కడ తానన్న మాటే ఇప్పుడు తననంటే ఏం చెప్పాలి?

"నేనెవరికి కావాలి?" అని గొణిగింది.

అప్పుడు తవిటమ్మ పాక్కుంటూ వచ్చింది. గేదె కుడితిలో కలపడానికి తీసిన తవుడు గుప్పిట్లోనే ఉంది. దాన్ని అత్త చేతిలో పోసింది.

"మా అత్తని నేను కొనుక్కున్నాను" అంది.

పైడమ్మ బావురుమంది. "నా తల్లే! ఆ రోజు మీ అమ్మ నా మాట వినలేదు. ఎంత మేలు చేసిందే!"

తవిటమ్మ చాప మీద కాస్త జరిగి చోటిచ్చింది.

కథేమో కంచికి,
అత్తేమో చాపకి,
నా బంగారుతండ్రేమో కమ్మటి నిద్రకి.