తవిటమ్మ చెంబు

దగ్గరికి జరిగి వినండి. ఊళ్ళకింకా పేర్లు పెట్టని కాలం అది. దొరలకి మాత్రం అప్పటికే మూడేసి బిరుదులుండేవి.

ఒక కొండ, కొండమీంచి దిగే ఒక గెడ్డ, గెడ్డ ఒడ్డున మూడు పల్లెలు. పల్లెలకి ఎగువన కోట. కోటవాళ్ళకి సొంత బావి ఉంది. పల్లెలవాళ్ళు గెడ్డ నీళ్ళే తాగేవారు.

పల్లెల చివర రోగుల పాకలో తవిటమ్మ అనే మనిషి పనిచేసేది. వైద్యుడు రోజుకోసారి వచ్చి, నాడి చూసి, మాత్ర ఇచ్చి పోయేవాడు. వాంతులు కడిగేది తవిటమ్మ. గంజి తాగించేది తవిటమ్మ. చచ్చిపోయేవాళ్ళ చెయ్యి పట్టుకు కూర్చునేదీ తవిటమ్మే.

ఆ ఏడు గోగు కోతలయ్యాక పల్లెల్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తవిటమ్మ పాక దాటి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. రోగి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకటే అడిగేది. "నీళ్ళెక్కడివి?" అడిగి, వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్క గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేది.

బారికి దాలయ్యకి అది నచ్చలేదు. బారికి అంటే కోట మాట ఊరికి, ఊరి మాట కోటకి మోసేవాడు. అనుమానపడటమే అతని ఉద్యోగం. చేతికర్ర పట్టుకుని ఆమె వెనకాలే నడిచాడు. మొదటి పల్లెలో గీత పడిన ఇంట్లో ముసలాయన పోయాడు. రెండో పల్లెలో గీత పడిన ఇంట్లో బాలింత పోయింది. మూడోది దాలయ్య సొంత పల్లె. ఈవిడ గీస్తోంది, చావు ఆ గీత చూసుకుని వస్తోంది అనుకున్నాడు. నీళ్ళెక్కడివని అడిగేది విషం ఎక్కడ కలపాలో తెలుసుకోడానికే అనుకున్నాడు. పోయి దొరకి చెప్పాడు.

దొర చాలా సంతోషించాడు. ఊళ్ళో విషం కలుపుతున్నారంటే ఈయనకి సంతోషమెందుకు? ఆ అనుమానం దాలయ్యకి అక్కడే పుట్టింది.

సంగతేమిటంటే, తవిటమ్మ అప్పటికే రెండుసార్లు కోటకి వెళ్ళొచ్చింది. ఓడల తాళ్ళకి నార తియ్యడం కోసం దొర గోగు కట్టలన్నీ గెడ్డలోనే నానబెట్టేవారు. బళ్ళు తోలే శ్రమ లేకుండా కోట పక్కనే, పల్లెల ఎగువనే ముంచేవారు. కట్టలు కుళ్ళి, నీళ్ళు నల్లగా మారి దిగువకి వచ్చేవి. గోగు నానబెట్టడం పల్లెల దిగువకి మార్చమని ఆమె మొదటిసారి అడిగితే, నీది చల్లని చెయ్యి అని మెచ్చుకుని దొర చీర పెట్టాడు. రెండోసారి అడిగితే ఊరి తల్లి అని బిరుదిచ్చి, వెండి కడియం తొడగబోయాడు. రెండుసార్లూ ఆమె అదే అంది. "ఇది కాదు దొరా, శాసనం కావాలి." రెండుసార్లూ ఆయన ఇచ్చినదాన్ని కోట గుమ్మంలోనే పెట్టి వచ్చేసింది. గోగు నీళ్ళవల్ల ఎవరికీ ఏమీ కాదని దొర రెండుసార్లూ చాటింపు వేయించాడు. ఆ చాటింపు వేసింది దాలయ్యే.

దాలయ్య కోట నుంచి ఇంటికొచ్చేసరికి కూతురు ఎర్రమ్మ వాంతులతో సోలిపోయి ఉంది. గోడవంక చూశాడు. గీత లేదు. మళ్ళీ చూశాడు. లేదు. మూడోసారి గోడ తడిమి చూశాడు. గీత లేకుండా రోగం ఎలా వచ్చింది?

అంతలో తవిటమ్మ వచ్చింది. అతను కర్ర అడ్డం పెట్టాడు.

"గీత గీశావంటే చెయ్యి విరగ్గొడతాను."

"విరగ్గొడుదువుగానిలే తమ్ముడూ. ముందు పిల్లకి గంజి పట్టనీ."

కొండ ఊట నుంచి తెచ్చిన నీళ్ళు మరగబెట్టింది. గంజి కాచి, ఉప్పు వేసి, చెంచా చెంచాగా పొద్దు వాలేదాకా పట్టింది. పిల్ల కళ్ళు తెరిచింది. అప్పుడు అడిగింది, "నీళ్ళెక్కడివి, దాలయ్యా?"

దాలయ్య గెడ్డవైపు చూశాడు. గోగు కట్టలు తేలిపోకుండా వాటిమీద బండలు పెట్టింది తన చేతులే.

ఆమె లేచి గోడమీద గీత గీసింది. అతను ఆపలేదు.

"ఈ గీతలెందుకప్పా?"

"ఒక్క ఇంట్లో రోగమొస్తే కర్మంటారు. మూడు పల్లెల గోడలూ చూపిస్తే ఏటంటారో చూద్దామని."

మర్నాడు కోట కచేరీలో విచారణ. మూడు పల్లెలూ వచ్చాయి. తవిటమ్మ నీళ్ళలో విషం కలుపుతోందని నేరం. దాలయ్య సాక్షి. గోగు మాట ఎత్తనంటే క్షమించి వదిలేస్తామన్నాడు దొర, ఎంతో దయగా.

తవిటమ్మ ఒకటే కోరింది. ఒక చెంబుడు గెడ్డ నీళ్ళు తెప్పించమంది. తను ముట్టుకోనని, దొరగారి బారికే ముంచి తేవాలని అంది. దొర తలూపక తప్పలేదు. దాలయ్య వెళ్ళి ముంచుకొచ్చి నడిమధ్య పెట్టాడు.

"నేను సాక్షిని గదా, చెప్తాను," అన్నాడు. "రోగం ముందొచ్చింది. గీత తర్వాత పడింది. నా ఇంట్లోనే చూశాను. ఈ నీళ్ళు నేనే తెచ్చాను. ఈవిడ చెయ్యి పడలేదు."

"గోగు నీళ్ళు మంచివేనన్నారుగా," అంది తవిటమ్మ. "తాగండి. నా మాట నేనే మింగేస్తాను."

చెంబు వైద్యుడి దగ్గరికి వెళ్ళింది. ఇవాళ ఉపవాసమన్నాడు. దివాను దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడే భోంచేశానన్నాడు. దొర దగ్గరికి వెళ్ళింది. దొర ముక్కు పక్కకి తిప్పుకున్నాడు.

మూడు పల్లెలూ ఆ ముక్కు చూశాయి. సెలవు తీసుకోకుండానే జనం లేచారు. తిన్నగా గెడ్డలోకి దిగారు. మొదటి బండ దొర్లించింది దాలయ్య. కట్టలన్నీ ఒడ్డుకి లాగేశాక, మూడోనాడు కోట నుంచి శాసనం వచ్చింది. ఎగువన ఇకమీదట ఎవరూ గోగు నానబెట్టకూడదని, ఇదంతా దొరగారి దయేనని.

మళ్ళీ గోగు పూసేనాటికి తవిటమ్మ పోయింది. వయసు మీదపడి పోయిందన్నాడు వైద్యుడు. ముందురోజు కోట నుంచి ఆమెకి ప్రసాదం వచ్చిందని దాలయ్య అన్నాడు. బతికున్నన్నాళ్ళూ ఆ మాట అంటూనే ఉన్నాడు. కోట దానికి ఏనాడూ జవాబివ్వలేదు. బదులుగా ఒక రాయి నిలబెట్టింది. నోరెత్తని సేవామూర్తి అని దానిమీద చెక్కించింది. ఎవరి నోటికి భయపడ్డారో ఆ నోరే లేదని రాశారు.

ఆ రాయికి పల్లెల్లో ఎవరూ పసుపు పుయ్యరు. మేకలు ఒళ్ళు రుద్దుకుంటాయి, అంతే.

ఇప్పటికీ ఆ గెడ్డ పక్కకి ఎంత పెద్ద అధికారి వచ్చినా, సేవచేసే ఆడవాళ్ళకి శాలువా కప్పి చప్పట్లు కొట్టిద్దామని చూసినా, ముందు ఒక ముసలమ్మ లేస్తుంది. ఆ ఊరివాళ్ళు తాగే నీళ్ళే చెంబుతో తెచ్చి ఆయన చేతికిస్తుంది. "తాగాక మాట్లాడండి బాబూ," అంటుంది.

అందరూ ఆయన గొంతువంకే చూస్తూ నిలబడతారు.