బుర్రావారు ఎత్తిన ఫోను

లోకంలో అందరికీ బుర్ర తలలోనే ఉంటుంది, మాకైతే ఇంటిపేరులో కూడా ఉంది అని మురిసిపోయేవాళ్ళు బుర్రావారు. ఇంటిపెద్ద గవరయ్య, ఆయన భార్య సింగారమ్మ, తమ్ముడు అప్పన్న. వీధిలో ఎవరి సెల్‌ఫోను మొరాయించినా వీళ్ళ అరుగు దగ్గరికే రావాలి.

ఛార్జింగు ఊరికే దిగిపోతోందని పక్కింటి నూకాలు అడిగితే, "ఉట్టి మీద పెట్టు. కింద పీట ఉంటే తీసెయ్యి, ఎలా దిగుతుందో చూద్దాం" అన్నాడు గవరయ్య. మాట వినబడట్లేదని ఇంకొకాయన వస్తే, అప్పన్న ఆ ఫోనుకి వెచ్చటి నువ్వులనూనె రెండు చుక్కలు వేశాడు. ఆయన మళ్ళీ రాలేదు. నయమైపోయిందన్నమాట. ఇంత తెలివి ఒక్క కొంపలో ఉంటే దిష్టి తగలదూ అని, సింగారమ్మ గుమ్మానికి మిరపకాయలు కట్టింది.

ఒక పొద్దున ఆ ఇంటి ఫోనే మోగింది. పట్నం ఆసుపత్రి నుంచి అల్లుడు సత్తిబాబు.

"అత్తా, పైడమ్మకి నొప్పులు మొదలయ్యాయి. ఇక్కడ ఒక్కరినే ఉండనిస్తున్నారు, మా అమ్మ ఉంది. బిడ్డ పుట్టగానే ఫోను కొడతాను, అప్పుడు వద్దురుగాని."

ఒక్కగానొక్క కూతురికి తొలి కాన్పు. సింగారమ్మకి ఆ కబురు తప్ప ఇంకేం అక్కర్లేదు. కానీ ఒక్క మాట గుచ్చుకుంది.

"ఏమయ్యా, బిడ్డ పుడితే బెల్లం పంచాలి గానీ, ఫోనును కొట్టడమేమిటి?"

"సంతోషం పట్టలేకేమోనే. అల్లుడి చెయ్యి బరువు, దెబ్బ తగలకుండా చూసుకో."

అంతే. సింగారమ్మ ఫోనును బొంతలో చుట్టి, పైన దుప్పటి కప్పి, అరుగు మీద ఎండలో పడుకోబెట్టింది. కాసేపాగి చెయ్యి వేస్తే కాలిపోతోంది.

"జ్వరం, వదినా. తడిగుడ్డ వెయ్యి" అన్నాడు అప్పన్న.

వేసింది. తగ్గలేదు. బాగా తడిపి మళ్ళీ వేసింది. ఇంకేముంది, ఫోను కళ్ళు మూసేసింది.

నూకాలు గోడ మీంచి తొంగిచూసి, "తడిసిందా? బియ్యంలో పెట్టండి, తడి లాగేస్తుంది" అంది.

సింగారమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. అదృష్టం కొద్దీ ఎసట్లో బియ్యం కుతకుతలాడుతున్నాయి. వాటి నడుమ ఫోనును జారవిడిచి మూత పెట్టింది. ఉడికింది గానీ పలకలేదు.

సరే, ఫోను కంపెనీ వాళ్ళనే అడుగుదామని నూకాలు ఫోను ఉట్టి మీంచి దింపించారు. అవతల ఒక ఆడగొంతు తియ్యగా, "దయచేసి లైన్లో ఉండండి" అంది.

అంతే. ముగ్గురూ వాకిట్లో వరసగా నిలబడ్డారు.

"అప్పన్నా, వంకరగా ఉన్నావు, ఎడమకి జరుగు" అని వెనక నుంచి గవరయ్య అదిలించాడు. ఎండ నడినెత్తికొచ్చింది. నా పిల్ల ఎలా ఉందో అని గొణుక్కుంటూ కూడా సింగారమ్మ లైను తప్పలేదు.

అప్పుడొచ్చి ఆగింది సత్తిబాబు ఎక్కిన ఆటో.

"ఎంత కొట్టినా ఎత్తరేమిటత్తా?"

"ఎత్తుతాను నాయనా, ముందు గంజి వార్చాలిగా."

"కొట్టి కొట్టి నా వేళ్ళు నొప్పెట్టాయి."

"విన్నావటే?" అన్నాడు గవరయ్య. "బొంత చుట్టినా దెబ్బ తగిలింది. దాన్ని అల్లుడే చంపేశాడు."

సత్తిబాబుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "అయ్యిందేదో అయ్యింది, పదండి" అని అందరినీ ఆటో ఎక్కించాడు. ఆటోలో కూడా ముగ్గురూ ఒకరి వీపు ఒకరు చూస్తూ కూర్చున్నారు. ఆసుపత్రి వరండాలోనూ అదే వరస.

పైడమ్మ మంచం పక్కన, బొంతలో చుట్టిన చిన్న మూట. సింగారమ్మ చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. దెబ్బ తగలకుండా ఎంత బాగా చుట్టారో అనుకుంది. అంతలో మూట కేరుమంది.

"చూస్తారేం, ఎత్తండమ్మా" అంది నర్సు.

ఈసారి తప్పిపోకూడదు. సింగారమ్మ గబుక్కున ఎత్తి చెవికి ఆనించుకుంది.

"హలో, నేను సింగారమ్మని. మా అమ్మాయికి ఏం పుట్టిందండీ?"

ఆ చెంప వెచ్చదనానికి పసిది ఠక్కున ఊరుకుంది.

"అయ్యో, పెట్టేశారు" అంది సింగారమ్మ, కళ్ళనీళ్ళతో.

"బెంగపడకే, మళ్ళీ వాళ్ళే చేస్తారు" అన్నాడు గవరయ్య.

మంచం మీంచి పైడమ్మ తల ఎత్తింది. తనూ బుర్రావారి ఆడపడుచేగా.

"ఏం పుట్టిందన్నారే అమ్మా?" అని ఆత్రంగా అడిగింది.