మంత్రిగారెక్కిన డోలీ

రాజుగారి పుట్టినరోజున వీరులు రెక్కలు కట్టుకుని కొండ మీంచి ఎగురుతారని చాటింపు వేశారు. ముందురోజు సాధన చూడ్డానికే కొండ కింది మైదానం కిక్కిరిసిపోయింది.

విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఓబులమ్మ మంత్రి సోమయాజిని కలిసింది. "ఎవరైనా పడితే మోసుకెళ్లడానికి జనం మధ్య ఒక దారి వదిలించండయ్యా."

"శుభమా అంటూ వేడుక చేస్తుంటే ఆ మాటలేంటి? అవసరమైతే జనమే తప్పుకుంటారు," అని కసిరాడు మంత్రి.

ఓబులమ్మ దెబ్బ తగిలినవాళ్లను మోయడానికి తెచ్చిన డోలీ చూపించింది. "అయితే ఒక్కసారి ఈ డోలీలో పడుకోండి. ఎలా తప్పుకుంటారో చూద్దాం."

మంత్రి ధీమాగా పడుకున్నాడు. నలుగురు మోసుకెళ్తుంటే నడిమధ్యలో డోలీ ఇరుక్కుపోయింది. "నేను మంత్రిని, తప్పుకోండి!" అని గొంతు చించుకున్నా అందరి కళ్లూ కొండ మీదే ఉన్నాయి.

ఓబులమ్మ అతని మీదికి వంగింది. "మీరు గనక అరుస్తున్నారు. పడ్డవాడు అరవలేడయ్యా."

ఆ సాయంత్రమే మైదానం మధ్య బండి పట్టేంత దారి వదిలి, రెండు వైపులా తాళ్లు కట్టించాడు మంత్రి.