రాజుగారి పచ్చికలో గంగవాయిలి

ఒక రాజుకు కోట ముందు ఒక పచ్చిక ఉండేది. అందులో గడ్డి తప్ప మరేదీ మొలవకూడదు. రాజు తప్ప మరెవరూ నడవకూడదు.

ఆ గడ్డిని రాజు తాత వేయించాడు, తండ్రి పెంచాడు. ఇప్పుడు రాజు కాపాడుతున్నాడు. రోజూ ఎండ కోట గోడ దాటి లోపలికి వచ్చే వేళకు అతను చెప్పులు విడిచి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచేవాడు. ఎటు చూసినా ఆకుపచ్చ ఒక్కటే రంగు. రాజ్యం కూడా ఇలాగే ఉందనుకుని, తృప్తిగా కొలువుకు వెళ్ళేవాడు.

అతను చెడ్డ రాజు కాదు. తెల్లవారకముందే లేచేవాడు. ఆకలికి మించి తినేవాడు కాదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునేవాడు కాదు. తన మనసును అదుపులో పెట్టుకున్నాడు గనుక, లోకాన్ని కూడా అలాగే అదుపులో పెట్టవచ్చని నమ్మాడు. పొరపాటు అక్కడే ఉంది.

పచ్చికను చూసుకోవడానికి ఒక తోటమాలి ఉండేవాడు. గోడ పక్కన గుడిసెలో భార్యతో కాపురం. గడ్డి నలగకూడదని కాళ్ళు కడుక్కుని, పాదాలకు తడిగుడ్డ చుట్టుకుని పనిలోకి దిగేవాడు. ఆ గడ్డిని తడిమినంత మెత్తగా తనను ఏనాడూ పలకరించలేదని భార్య దెప్పేది. గడ్డి ఎదురుచెప్పదు గదా అని అతను జవాబిచ్చేవాడు. ఆ పూట అతని కంచంలో కూర తగ్గేది.

ఒక వానాకాలం పచ్చిక నడుమ కొత్త మొక్క ఒకటి కనబడింది. నేలకు అంటుకుని నాలుగు వైపులా పాకింది. కాడ ఎర్రగా ఉంది. ఆకు చిన్నది, దళసరిది, నీరు నింపుకుని నిగనిగలాడుతోంది. పొద్దెక్కాక దాని కొసన శనగగింజంత పసుపు పువ్వు విచ్చుకుంది.

రాజు నడక ఆగిపోయింది. తోటమాలిని పిలిపించారు.

"ఏమిటిది?"

"గంగవాయిలి అంటారు ప్రభూ. దిబ్బల మీద మొలుస్తుంది."

"దాని పేరు నేనడగలేదు. ఎప్పుడు పోతుందో చెప్పు."

తోటమాలికి తల కొట్టేసినట్టయింది. దిబ్బ మీద మొలిచేది తన చేతి కింద మొలిచింది. వట్టినే పీకి పారేస్తే ఆ అవమానం తీరదనిపించింది.

ఆ రాజ్యంలో ఒక పాత ఆచారం ఉంది. దొంగ పట్టుబడితే వాడి తలపాగాను ముక్కలుగా చింపి కోట ద్వారాలన్నిటికీ కట్టేవారు. చూసినవాళ్ళకు బుద్ధి రావాలని. తోటమాలి చేతులు కట్టుకుని, ఈ మొక్కకూ అదే శిక్ష వేయమని మనవి చేశాడు. దీన్ని ముక్కలు చేసి పచ్చిక అంతటా పరిస్తే, మొలవాలనుకునే మిగతా కలుపు మొక్కలు భయపడి నేలలోనే ఉండిపోతాయన్నాడు. రాజుకు ఆ మాట నచ్చింది. తప్పుకు తగిన శిక్ష, శిక్షకు తగిన ప్రచారం, రెండూ అందులో ఉన్నాయి.

డప్పు వేయించారు. తోటమాలి కొడవలితో మొక్కను కణుపు కణుపుగా నరికాడు. ఒక్కో ముక్కను ఒక్కో చోట పెట్టాడు. పని ముగించి గుడిసెకు పోయి, తన తెలివి గురించి భార్యకు చాలాసేపు చెప్పాడు.

ఆ రాత్రి మంచి వాన పడింది.

గంగవాయిలికి ఒక గుణం ఉంది. దాని కాడ ముక్క తడి నేలను తాకితే చాలు, వేరు దిగుతుంది. తోటమాలికి అది తెలియదు. అతను గడ్డి పెంచే వంశంలో పుట్టాడు. దిబ్బల వైపు ఎన్నడూ చూసి ఎరగడు. వారం తిరిగేసరికి నరికి పెట్టిన చోటల్లా ఒక మొక్క లేచింది. ఎక్కడ ఏ ముక్క పెట్టాడో ఇక గుర్తు పెట్టుకోనక్కరలేకపోయింది. పువ్వులే చూపించాయి.

శిక్ష చాలలేదనుకుని అతను ఈసారి ఇంకా సన్నగా నరికాడు. పచ్చిక ఇంకా పచ్చగా, ఇంకా పసుపుగా అయింది. మరిగే నీళ్ళు పోశాడు. గడ్డి చచ్చి నేల బోడిగా తేలింది. ఆ బోడి నేలలో గంగవాయిలి హాయిగా కాళ్ళు చాపుకుంది.

రాజు ఇక నడవడం మానేశాడు. దసరాకు పొరుగు రాజు చుట్టపుచూపుగా వస్తున్నాడు. ఆ పచ్చిక గొప్పతనం విని, చూడాలని కోరి మరీ వస్తున్నాడు. రాజు తోటమాలిని పిలిచి మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పినందుకే అతనికి ఎక్కువ భయం వేసింది.

"ఆయన వచ్చిన ఉదయం ఒక్క పసుపు పువ్వు నా కంట పడితే, నువ్వూ నీ భార్యా కుండలు సర్దుకుని పొలిమేర దాటాలి. ఇది నా మాట."

ఆ మాటకు తిరుగు లేదని రాజ్యంలో అందరికీ తెలుసు.

గుడిసెకు వచ్చి ఈ సంగతి చెబితే భార్య ఏడవలేదు. పొయ్యి కొత్తగా అలికానని, కప్పు మీద బీరపాదు ఇప్పుడే పిందె వేస్తోందని, ఇవి విడిచి తను ఎక్కడికీ రానని చెప్పింది. పొమ్మన్నది మొక్కను గాని తనను కాదంది. అయితే ఆ మొక్క ఎందుకు పోవడం లేదో నువ్వే చెప్పమని భర్త అరిచాడు. నరికినవాణ్ణే అడగమని ఆమె అంది.

తోటమాలి ఆ రోజు నుంచి చేత్తో పీకడం మొదలుపెట్టాడు. పొద్దస్తమానం పీకేవాడు. గోనె నిండా నింపి తెచ్చి గుమ్మం ముందు పడేసి, తిండి సగం తిని, మళ్ళీ పోయేవాడు. ఈ మూల పీకేసరికి ఆ మూల పూసేది. మనిషి చిక్కిపోయాడు.

ఒక రోజు ముసురు పట్టి సంతకు ఎవరూ రాలేదు. ఇంట్లో పప్పు తప్ప కూర లేదు. భార్య గుమ్మం ముందున్న గోనె వైపు చూసింది. పచ్చికలో మొలిచింది రాజుగారి సొత్తని, అలా చూస్తే అది తినకూడదని ఆమెకు తెలుసు. కానీ రాజుగారే దాన్ని వద్దన్నారు. వద్దన్న సొత్తు ఎవరిది? ఆమె కాసేపు ఆలోచించి, లేత కొసలు గిల్లి, మూడు నీళ్ళు మార్చి ఇసుక పోయేలా కడిగింది. పప్పులో వేసి ఉడికించింది. ఆ ఆకుకే పులుపు ఉంది గనుక చింతపండు సగమే వేసింది. వెల్లుల్లి, ఎండుమిరప తాలింపు పెట్టింది.

తోటమాలి వచ్చి తల వంచుకుని కూర్చున్నాడు. కంచం వైపు చూడకుండా కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక తల ఎత్తాడు. కంచం ఖాళీ చేసి మళ్ళీ చేయి చాపాడు. చాలా రోజుల తర్వాత అతను చేయి చాపడం అది.

"ఏం కూర ఇది?"

"నీ పగవాడు."

అతను కంచం అంచున అంటుకున్న ఆకును వేలితో తిప్పి చూశాడు. ఆ తర్వాత, "పగవాణ్ణి ఇంకో గరిటె వెయ్యి" అన్నాడు.

భార్య నవ్వింది. వడ్డిస్తూనే మందలించింది కూడా. పూత పట్టినవి ఎందుకు తెస్తున్నావు, పూస్తే ముదిరిపోతుంది, పూయకముందే కొస గిల్లాలి, ఇవాళ గిల్లితే మళ్ళీ లేతగా వస్తుంది, రోజూ గిల్లుతుంటే అది పూసే వేళే ఉండదు అంది. ఆమె చెప్పింది వంట సంగతి. అతను మాత్రం తిండి మరిచి విన్నాడు. రాజు వద్దన్న పువ్వు తినేవాడికీ వద్దు.

కానీ పచ్చిక చాలా పెద్దది. ఒక్క పొయ్యి దాన్ని తినలేదు.

మర్నాడు అతను రాజు ముందు నిలబడి, ఊళ్ళో ఆడవాళ్ళను పచ్చికలోకి రానివ్వమని అడిగాడు. రోజుకొకసారి వచ్చి లేత కొసలు గిల్లుకుపోతారని, కూర వాళ్ళది, గడ్డి మనదని చెప్పాడు. రాజు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తాత కాలం నుంచి రాజు పాదం, తోటమాలి పాదం తప్ప మరో పాదం పడని నేల అది.

"అంతమంది తొక్కితే గడ్డి బతుకుతుందా?"

"మీరు రోజూ తొక్కిన దారిలోనే గడ్డి ఒత్తుగా ఉంది ప్రభూ."

రాజు కిటికీలోంచి ఆ దారి వైపు చూశాడు. నిజమే. గంగవాయిలి తక్కువగా ఉన్నది కూడా అక్కడే. కాళ్ళు కడుక్కుని రమ్మన్నాడు. ఇంటికి ఒక ఒడి నిండా, అంతకు మించి కోయకూడదన్నాడు. మితం తప్పితే ద్వారం మూస్తానన్నాడు.

ఆడవాళ్ళు వచ్చారు. మొదటి రోజు భయపడుతూ, గుసగుసలాడుతూ వచ్చారు. మూడో రోజుకు కోట గోడలు వాళ్ళ నవ్వులకు అలవాటు పడ్డాయి. వేళ్ళతో సహా పీకబోయిన వాళ్ళకు తోటమాలి భార్య గోటితో గిల్లడం నేర్పింది. ఒకామె అందరికన్నా ముందు వచ్చి రెండు ఒళ్ళు నింపుకోబోతే, మిగతావాళ్ళే రెండో ఒడి దులిపించారు. ఆ మర్నాడు ఆమె అందరితో పాటే వచ్చింది. ఎవరి ఇంట్లో పప్పు, ఎవరి ఇంట్లో పచ్చడి, ఎవరి అత్త మెచ్చుకుంది, ఎవరి మామ మూతి ముడిచాడు, అన్నీ అక్కడే తెలిసేవి.

తోటమాలి కాళ్ళకు తడిగుడ్డ చుట్టుకుని వాళ్ళ మధ్య తిరుగుతూ, గడ్డి జాగ్రత్త, గడ్డి జాగ్రత్త అనేవాడు.

"నీ గడ్డిని కాస్త అదుపులో పెట్టు బావా," అంది ఒక వరసైన మనిషి. "మా కూరలో కలుపులా తగులుతోంది."

పచ్చికంతా నవ్వింది. మేడ మీద కిటికీలో నిలబడిన రాజు కూడా ఆ మాట విన్నాడు. అతను నవ్వాడో లేదో ఎవరూ చూడలేదు. కానీ ఆ పూట కొలువుకు ఆలస్యంగా వెళ్ళాడు.

దసరా వచ్చేసరికి పచ్చికలో ఒక్క పువ్వు లేదు. గంగవాయిలి ఉంది. గడ్డి కిందుగా, గడ్డి రంగులోనే, రోజూ గిల్లించుకుంటూ, రోజూ చిగురు వేస్తూ ఉంది. అది పోలేదు. మితంలో ఉంది. తోటమాలి భార్యకు ఆ తేడా తెలుసు. తోటమాలికి కూడా తెలిసింది గాని, రాత్రులు నిద్ర పట్టేది కాదు.

పొరుగు రాజు వచ్చాడు. ఆ ఉదయం ఆడవాళ్ళను గోడ పక్కన నిలబెట్టారు. రెండు రాజ్యాల మంత్రులు, సేనాపతులు, పండితులు గట్టు వెంబడి నిలబడ్డారు. రాజు అతిథి చేయి పట్టుకుని పచ్చికలోకి దిగాడు. తోటమాలి బుట్ట పట్టుకుని వెనక నడిచాడు.

అతిథి మెచ్చుకున్నాడు. ఇంత పచ్చదనం తన దేశంలో లేదన్నాడు. తన తోటలో కలుపు తీయించి తీయించి వట్టి నేలే మిగిలిందన్నాడు. రాజు వింటూ నడుస్తున్నాడు. ఎండ గోడ దాటి పచ్చిక మీద పడింది.

ఆ ఎండకు, రాజు పాదానికి జానెడు దూరంలో, ఒక పసుపు పువ్వు విచ్చుకుంది.

ఏ చేతికీ దొరకకుండా ఒక కొస మిగిలిపోయింది. ముందు తోటమాలి చూశాడు. తర్వాత గోడ పక్కనున్న అతని భార్య, భర్త ముఖం చూసి గ్రహించింది. ఆమె పక్కనున్న ఆడవాళ్ళందరూ మాటలు ఆపారు. ఆ నిశ్శబ్దానికి రాజు కిందికి చూశాడు.

పువ్వు అతని కంట పడింది. అతను ఇచ్చిన మాట కూడా అక్కడే ఉంది. ఆ మాట తప్పితే అతను ఆ రాజు కాడు. ఆ మాట నిలబెట్టుకుంటే, రేపటి నుంచి ఈ పచ్చికలో నవ్వే మనిషి ఉండడు.

రాజు వంగాడు. పువ్వుతో సహా ఆ కొసను గోటితో గిల్లాడు. నోట్లో వేసుకున్నాడు. నమలసాగాడు.

"ఏమిటది?" అని అతిథి అడిగాడు.

రాజు అబద్ధం ఆడలేదు. నోరు నిండి ఉంది గనుక చెయ్యి మాత్రం ఊపాడు.

"ముదురుది," అని తోటమాలి భార్య పక్కావిడ చెవిలో అంది. "ఉప్పు లేదు, పప్పు లేదు. ఎలా మింగుతున్నాడో, పాపం."

రాజు మింగాడు. పూర్తిగా మింగాడు. ఇక ఎవరినైనా పొలిమేర దాటించడానికి పచ్చికలో పువ్వే లేదు.

పొరుగు రాజు మర్యాద తెలిసిన మనిషి. ఈ దేశంలో పచ్చికలోకి వచ్చిన అతిథి ఇలా చేయాలి కాబోలు అనుకున్నాడు. అతనూ వంగి, గడ్డిలో వెతికి, ఒక లేత కొస గిల్లి నోట్లో వేసుకున్నాడు. పుల్లగా ఉంది, బాగుంది అన్నాడు. ఇంకొకటి వెతికాడు. అది చూసి అతని మంత్రులు తామూ వంగారు. వాళ్ళు వంగాక ఈ రాజు మంత్రులు నిలబడి ఉండడం బాగుండదు గనుక వాళ్ళూ వంగారు. సేనాపతులు కత్తులు వెనక్కి తోసుకుని మోకాళ్ళ మీదికి దిగారు. ఒక పండితుడు ఒక ఆకును పరిశీలించబోయి, పక్కవాడు అందుకునేలోగా తినేశాడు.

గోడ పక్కన ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి అవీ తీసేశారు.

ఆ ఉదయం పచ్చిక మీద నిటారుగా నిలబడి ఉన్నవాడు తోటమాలి ఒక్కడే.