కంకణం కట్టిన డిస్కు

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే ఓబుళేశు అనే ఆయన ఉండేవాడు. పనిలో మొనగాడే గానీ, తన వస్తువును ఎవరైనా పరీక్షిస్తామంటే చాలు, ఇంతెత్తున లేచేవాడు.

ఆయన తండ్రి జీవితమంతా గీసిన గోపురం అంచుల కాగితాలు చెదలు పట్టి పోయాయి. పోకముందే ఓబుళేశు వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, ఒక నకలు చిన్న డిస్కులో పెట్టుకున్నాడు. ఆ రెండు చోట్ల తప్ప ఆ అంచులు ఇంకెక్కడా లేవు. దసరాకు ఆయుధపూజ చేస్తూ, డిస్కును కంప్యూటరుకు తగిలించి రెండింటినీ కలిపి కంకణం కట్టాడు. కట్టిన కంకణం దానంతటదే ఊడాలి తప్ప విప్పకూడదని ఆయన పంతం. డిస్కు అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

అంతలో ఊళ్లో మరో డిజైనరు ఫైళ్లన్నిటికీ రాన్సమ్‌వేర్ దొంగలు తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తామన్నారు. ఆ సంగతి తెలిసి, కంప్యూటర్లు బాగుచేసే ఓబుళేశు చెల్లెలు హేమలత పరుగున వచ్చింది.

"అన్నా, నీ కంప్యూటరుకు కాపలా కాసే యాంటీవైరస్ ఎంత గట్టిదో ఒకసారి చూద్దాం."

"చూసేదేముందే? కాపలా దాంతోపాటే వచ్చింది. నన్నే శంకిస్తావా?" అని గయ్యిమన్నాడు ఓబుళేశు.

"శంక నీ మీద కాదన్నా, దొంగ మీద. తిట్టుకో, చూడందే కదలను," అంటూ హేమలత కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆమె కొన్ని ఉత్తుత్తి ఫైళ్లు కంప్యూటరులోనూ డిస్కులోనూ పెట్టి, వాటికి మాత్రమే తాళం వేసే ఉత్తుత్తి దొంగ ప్రోగ్రామును వదిలింది. కాపలాకు తెలిసిన పాత దొంగ వేషంలో వదిలితే కాపలా గుమ్మంలోనే పట్టేసింది. ఓబుళేశు మీసం దువ్వాడు. కొత్త వేషంలో వదిలింది. కాపలా గుర్తే పట్టలేదు. కంప్యూటరులో ఫైళ్లకూ తాళం పడింది, డిస్కులో వాటికీ పడింది.

"తెలియని ప్రోగ్రాములేవీ ముట్టుకోకుండా ఫోల్డర్లకు వేరే కాపలా ఉండాలే! ఏమైంది?" అంది హేమలత.

"డిజైన్ ప్రోగ్రామును సేవ్ చేయనివ్వలేదు. చిరాకేసి ఆపేశాను," అని నసిగాడు ఓబుళేశు.

"బాగుంది! పైగా నకలును కూడా కంకణం కట్టి మరీ దొంగకు అప్పగించావు."

ఓబుళేశుకు అప్పుడు తట్టింది. నాయన అంచులు! దండం పెట్టుకుని, తన చేత్తోనే కంకణం విప్పాడు. డిస్కును బీరువాలో పెట్టాడు. ఫోల్డరు కాపలా మళ్లీ పెట్టి, డిజైన్ ప్రోగ్రాము ఒక్కదాన్నే లోపలికి రానిచ్చాడు.

కొన్నాళ్లకు చీరల ఆర్డరు అని వచ్చిన మెయిలులోని ఫైలు తెరవగానే తెర ఎర్రబడింది. డబ్బు కట్టకపోతే ఫైళ్లు దక్కవని బెదిరింపు. కాపలా లేని చోట దాచిన కొత్త డిజైన్లకు తాళం పడింది. నాయన అంచులు మాత్రం చెక్కు చెదరలేదు. చెదిరినా నకలు బీరువాలో ఉంది.

"నాకేం భయంరా? పైసా ఇవ్వను! పోయినవి మళ్లీ గీసుకుంటా, చేతులున్నాయి నాకు. మా నాయన అంచు మీ తాళానికి లొంగేది కాదు, పోండి!" అని తెర మీదికి గర్జించాడు ఓబుళేశు. కంప్యూటరును పూర్తిగా తుడిపించి, బీరువాలోని నకలుతో మళ్లీ పని మొదలుపెట్టాడు.

మరుసటి దసరాకు డిస్కుకు విడిగా కంకణం కట్టి, బీరువాలో పెట్టి, చెల్లెలికి తనే ఫోన్ చేశాడు. "రావే, నీ దొంగను తీసుకురా. ఈసారి ఎలా దూరుతాడో నేనూ చూస్తా!"

నీతి: కాపలా ఉందని మురిసిపోతే చాలదు, దొంగ వచ్చి పరీక్షించకముందే దాన్ని మనమే పరీక్షించుకోవాలి.